రెండో మంద

1961 జూన్ మొదటి మంగళవారం నాడు తాండూరులో నేను చేయవలసిన పనులు ఇవి. వికారాబాదు స్టేషనులో బండి ఎక్కకముందే నోటుబుక్కులో రాసుకున్నాను.

ఒకటి: బుగ్గమ్మ గొర్రెలను దొడ్డి వాకిట్లో నిలబడి లెక్కపెట్టాలి.

రెండు: తల వాల్చి గుండ్రంగా తిరిగే గొర్రెలు ఎన్ని, ఏ పక్కకు తిరుగుతున్నాయి, రాయాలి.

మూడు: వాటి కళ్ల ముందు చెయ్యి ఆడించి ఏ కన్ను కనపడడం లేదో చూడాలి.

నాలుగు: ఆ వారం కోసిన గొర్రె ఉంటే పుర్రె తెరిచి, మెదడులో నీటితిత్తి ఎక్కడుందో కొలిచి, తిత్తి ముక్క ఒకటి సీసాలో వేసుకోవాలి.

ఐదు: తలకాయను బుగ్గమ్మకు తిరిగి ఇచ్చేయాలి.

ఆరు: సాయంత్రం బండికి వికారాబాదు చేరాలి.

ఏడోది రాసుకోలేదు. డాక్టరు అజమత్ సాహెబ్ అది నోటితోనే చెప్పారు. ఆ తలకాయ కుక్క తింటే ఏమవుతుందో బుగ్గమ్మకు చెప్పకూడదు.

అప్పటికి పద్నాలుగు నెలలుగా చెప్పకుండానే ఉన్నాను. ప్రతి మంగళవారం వెళ్లడం, చెప్పకుండా రావడం. వచ్చాక ఇంట్లో అన్నం సయించేది కాదు. ఎండ దెబ్బ అనుకునేది మా ఇంటిది.

మా వంశంలో డిగ్రీ చదివింది నేనొక్కడినే. మా నాయన బొంరాస్‌పేట దగ్గర గొర్రెలు కాసేవాడు, అప్పటికీ కాస్తూనే ఉన్నాడు. జంతుశాస్త్రం చదివానని, గొర్రెల కాపరి కొడుకునని, రెండూ చూసి అజమత్ సాహెబ్ నన్ను తీసుకున్నారు. వికారాబాదులో గొర్రెల రోగాల మీద పరిశోధన చేసే రెండు గదుల ఆఫీసు ఆయనది. ఒక గదిలో సీసాల్లో మెదళ్లు, ఒక గదిలో మేము.

మేము పట్టుకున్నది తిరుగుడు రోగం. గొర్రెకు మేత మీద ధ్యాస పోతుంది, తల ఒక వైపుకు వాలుతుంది, గానుగెద్దులాగా ఒకే చోట తిరుగుతూ ఉంటుంది. తిరిగి తిరిగి చస్తుంది. దాని పురుగు ఉండేది కుక్క పేగులో. గుడ్లు కుక్క పెంటతో గడ్డి మీద పడతాయి. గొర్రె ఆ గడ్డి మేస్తుంది. నెలలు గడిచాక మెదడులో కోడిగుడ్డంత నీటితిత్తి తయారవుతుంది. ఎడమ పక్క తిత్తి ఉంటే గొర్రె ఎడమకు తిరుగుతుంది, కుడి కన్ను పోతుంది. మెదడులో ఏ చోటు నొక్కితే ఒంట్లో ఏది చెడుతుందో ఈ గొర్రెలే మాకు చూపించాయి. అజమత్ సాహెబ్ ఒక్కో మెదడు బొమ్మ గీసి, తిత్తి ఉన్న చోట ఎర్ర సిరా పెట్టేవారు.

ఆ తలను కుక్క తింటే పురుగు మళ్లీ కుక్కలో పడుతుంది. మా కాపరుల్లో కోసిన గొర్రె తల కుక్కది. తోడేలు వస్తే ఎదురు నిలిచేది అదే కాబట్టి, అది దాని హక్కు. రోగపు గొర్రె తల మనుషులు ఎలాగూ ముట్టరు, అది కూడా కుక్కకే. కుక్క వాటా ఎగ్గొట్టిన వాడిని మా వాళ్లు మనిషి కింద జమకట్టరు.

ఈ మాట రుజువు చేయడానికి సాహెబ్ రెండు మందలు ఎంచారు. ధారూర్‌లో బీరన్నది మొదటి మంద. అక్కడ కుక్కలకు మూడు నెలలకొకసారి పురుగులు పడే మందు వేస్తాం, తలలు కాల్చేస్తాం. తాండూరు బండల గనుల వెనక బుగ్గమ్మది రెండో మంద. అక్కడ ఏమీ మార్చం, చూస్తాం, రాస్తాం. రెండింటికీ తేడా తేలితేనే సర్కారు అన్ని ఊళ్ల కుక్కలకూ మందు ఇస్తుంది.

“ఒక్క మందకు నోరు తెరిచినవనుకో, వెయ్యి మందలు పోతయ్ మొగులప్పా,” అనేవారు సాహెబ్. ఆ మాట అబద్ధం కాదు. అబద్ధమైతే నాకు సులువుగా ఉండేది.

బుగ్గమ్మ భర్త బిచ్చయ్య ఐదేళ్ల కింద పోయాడు. కూతురు రామమ్మ, తాను, మంద. మొదలుపెట్టిన నాడు ఎనభై నాలుగు గొర్రెలు. ఎండాకాలంలో రైతులు ఎరువు కోసం పొలాల్లో మంద నిలపమని పిలుస్తారు, బదులుగా జొన్నలు కొలుస్తారు. తల్లీకూతుళ్ల తిండి ఆ జొన్నలే. మంద యాభైకి తగ్గితే ఏ రైతూ పిలవడు. యాభై గొర్రెలు లేని మంద ఉచ్చకు తడిసేది పొలం కాదు, అందులో ఒక్క మడి అంటారు.

ఆ మంగళవారం స్టేషనులో దిగి గనుల దారి పట్టాను. ఎండకు బండలు పొయ్యి మీద పెనంలా ఉన్నాయి. నేను దొడ్డి చేరకముందే నల్లగాడు ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకున్నాడు. నల్లగాడు ఆమె కుక్క.

“వచ్చిండురా నల్లగా నీ మేనమామ!” అని దొడ్డిలోంచి కేకేసింది బుగ్గమ్మ. “నేను గంజి పోస్తె నా దిక్కు సూడడు. నువ్వు బండి దిగంగనే తోకాడిస్తడు. ఏం పెట్టి మరిపినవ్ కొడుకా?”

“తలకాయలు,” అంది రామమ్మ నవ్వుతూ.

నేనూ నవ్వాను. ఏం చేయను.

గొర్రెలను ఒక్కొక్కటిగా వదిలారు. యాభై నాలుగు. అందులో నాలుగు తిరుగుతున్నాయి, మూడు ఎడమకు, ఒకటి కుడికి. ఆ పొద్దున ఇంకొక దాన్ని కోశారు. దాని తల రాతిబండ మీద నా కోసం పెట్టి ఉంది.

నేను కళ్లు చూస్తుండగా కంది రైతు నర్సప్ప గొడుగేసుకుని వచ్చాడు. వానలు పడకముందు మూడు దినాలు మంద నిలపాలని అడగడానికి.

“ఎన్నున్నయే బుగ్గమ్మా?”

“ఏబై నాలుగు.”

“తిరిగేటియి కాకనా?”

“తిరిగేటియి పెంటికలు ఎయ్యవా పటేలా? అవి ఒక్క కాడనే ఎయ్యవు, సుట్టూ ఎస్తయ్. నీకే లాభం.”

నర్సప్ప నవ్వాడు గాని ఒప్పుకోలేదు. “పోయినేడు నీ తిరిగేటిది నా బాయిల వడ్డది. నీళ్లు తోడిపోయనీకె రెండు దినాలు వట్టింది. జర మంచియి యాభై ఉంటె చెప్పు. లేకపోతె ధారూర్ బీరన్నను పిలుస్త. ఆయనది తొంభై దాటింది. ఒక్కటన్న తిరుగుతలేదంట.”

ఆయన పోయాక బుగ్గమ్మ తిరిగే నాలుగింటినీ చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“గదే గడ్డి, గదే వాన. బీరన్నయి ఎట్ల తిరగవు? నువ్వు ఆడికి గూడ పోతవు గద కొడుకా. ఆయన ఏం జేస్తుండు?”

నేను నోటుబుక్కులో ఏదో రాస్తున్నట్టు తల వంచుకున్నాను.

“సదువుకున్నోనివి. జర ఎరికుంటె చెప్పు. మొక్కని దేవునికి మొక్కిన. దొడ్డి జాగ మార్చిన. తిరిగేదాని చెవు కోసిన, వాత పెట్టిన. ఇంకేం జెయ్యాలె?”

“చూద్దాం చిన్నమ్మా,” అన్నాను. పద్నాలుగు నెలలుగా నేను ఆమెకు ఇచ్చిన జవాబు అదొక్కటే.

బండ దగ్గర కూర్చుని పుర్రె తెరిచాను. తిత్తి ఎడమ పక్కన, వెనక వైపు, నిమ్మకాయకు కొంచెం పెద్దది. పలుచని పొరలో తేటనీళ్లు, లోపల తెల్లని చుక్కలు. ఒక్కో చుక్క కుక్క పేగులో ఒక్కో పురుగవుతుంది. లెక్కపెట్టబోయి నూట పది దగ్గర ఆపేశాను.

“ఎడమ పక్కనే గద?” అంది బుగ్గమ్మ భుజం మీదుగా చూస్తూ. “కుడి కన్నుకు చెయ్యి అడ్డం పెడితె రెప్ప కొట్టలే. నిన్ననే చెప్పిన రామమ్మకు.”

ఆమె చెప్పింది ఎప్పుడూ తప్పలేదు. సాహెబ్ కూడా ఈమె చెప్పిన పక్కే ముందు రాయమనేవారు.

ముక్క సీసాలో వేసుకున్నాను. ఇక ఐదో పని. నల్లగాడు ముందు కాళ్లు చాపుకుని నా చేతుల వైపు చూస్తున్నాడు, అరవడం లేదు, తొందరపెట్టడం లేదు. నా మీద వాడికి అంత నమ్మకం.

“వెయ్ కొడుకా. పొద్దట్నుంచి కాసుకొని కూసున్నడు.”

నేను తలకాయ పట్టుకుని లేచాను. కుక్కను దాటి, దొడ్డి వెనక ముళ్లకంప కుప్ప దగ్గరికి పోయాను. కంప మీద తలకాయ పెట్టి అగ్గిపెట్టె అడిగాను. ఇందులో గొప్ప ఏమీ లేదు, ఆ పూట నా వల్ల కాలేదు, అంతే.

బుగ్గమ్మ అగ్గిపెట్టె తెచ్చింది. ఇవ్వలేదు. చేతిలోనే పట్టుకుంది.

“ఎందుకు కాలవెట్టుడు?”

చెప్పాను. కుక్క, పురుగు, గడ్డి, గొర్రె, మళ్లీ కుక్క. వేలితో నేల మీద గుండ్రం గీసి చెప్పాను.

“బీరన్న తలకాయలు కాలవెడుతుండా?”

“అవును. కుక్కలకు మందు కూడా వేస్తున్నాం.”

“నీకు ఎన్నొద్దులసంది ఎరుక?”

“మొదట్నుంచీ.”

“అంటె నా నల్లగానికి ముప్పై తలకాయలు నీ చేతులతోటే ఏసినవ్.”

“ఇరవై ఆరు,” అన్నాను. అలవాటు కొద్దీ నోటి నుంచి వచ్చేసింది.

“నీ లెక్క మంచిగుంది,” అంది బుగ్గమ్మ.

తర్వాత ఇంకొకటి అడిగింది. “మీ నాయనకు చెప్పినవా?”

దీనికి కూడా అబద్ధం చెప్పలేకపోయాను. మొదటి నెలలోనే బొంరాస్‌పేట వెళ్లి మా నాయనతో కూర్చుని చెప్పాను. ఆ మంగళవారం నాటికి ఆయన మందలో ఆరు నెలలుగా ఒక్కటి తిరగలేదు.

“చెప్పిన చిన్నమ్మా.”

ఆమె అగ్గిపుల్ల గీసి తానే కంపకు పెట్టింది. నల్లగాడు మంట చుట్టూ మూలుగుతూ తిరిగాడు. రామమ్మ వాడిని గొలుసు వేసి కట్టేసింది. నేను బయల్దేరుతుంటే బుగ్గమ్మ మంట ఎగదోస్తూనే ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

మరునాడు అజమత్ సాహెబ్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“బైఠో. ఛాయ్ తాగినవా?”

“లేదు సాబ్. నన్ను తీసేస్తరా?”

“తీసేస్తె మంగళారం తాండూరు ఎవరు పోతరు, నేనా? నా మోకాళ్లు చూసినవా?” కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. “తారీఖు రాయి. తలకాయ కాలిందని రాయి. ఎవరు కాల్చిన్రో రాయి. ఝూట్ మాత్రం రాయొద్దు. పద్నాలుగు నెలలు చాలు అనుకోవాలె. చాలవు. కాని చాలు అనుకోవాలె.”

ఇంకొక మాట అడిగాను. “ముందే ఆపి ఉంటే ఆమె మంద నిలిచేదా?”

ఆయన కిటికీ బయటికి చూశారు. “నన్నెందుకు అడుగుతవ్? ఆ లెక్క నువ్వే జేసినవ్ గదా.”

చేశాను. ఆ వారమే ధారూర్ మందు తాండూరుకూ తీసుకుపోయి నల్లగానికి వేశాను. కాని అప్పటికే గొర్రెల తలల్లో పెరుగుతున్న తిత్తులను ఏ మందూ ఆపలేదు. జూలైలో ఆరు తిరిగాయి, ఆగస్టులో ఐదు. దసరా నాటికి నలభై ఒకటి మిగిలాయి. మరుసటి ఎండాకాలం నర్సప్ప బీరన్న మందనే పిలిచాడు. మిగతా రైతులూ అంతే. బుగ్గమ్మ మిగిలిన గొర్రెలను బొంరాస్‌పేట వైపు వాళ్లకు అమ్మేసి, కూతురితో కలిసి గనిలో రాతి పెళ్లలు మోసే పనికి పోయింది.

మా పరిశోధన పత్రం 1964లో అచ్చయింది. మొదటి మందలో తిరిగినవి రెండు. రెండో మందలో నలభై రెండు. పెద్దలు ఆ రెండు అంకెలు చూసి తలూపారు. మరుసటి ఏడు ఊరూరా కుక్కలకు మందు వేయమని ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు కాగితం పట్టుకుని నేను గనికి పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

బుగ్గమ్మ తట్ట దించి చెంగుతో ముఖం తుడుచుకుంది. జుట్టులో రాతి పొడి.

“అన్ని ఊళ్లకు మందు వస్తుంది చిన్నమ్మా. ఇక ఎవరి మందా ఇట్ల పోదు.”

“మంచిగాయె,” అంది. “నాకు కుక్క ఒక్కడే మిగిలిండు. వచ్చినవు గద, వానికి ఏసిపో.”

వేశాను. వాడు నా చేతి నుంచే తిన్నాడు.

పత్రంలో కాపరుల పేర్లు ఉండవు. మొదటి మంద, రెండో మంద అనే ఉంటుంది. అది పద్ధతి, దాన్ని నేను తప్పుపట్టను. పత్రం రాసిన చేతుల్లో నాదీ ఒకటి. కాని ఇది పత్రం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీ ఊళ్లో ఎవరైనా వచ్చి కుక్కకు మందు వేస్తే, గొర్రె తలను కాల్చమని చెబితే, ఆ మాట ఒకరి మంద పోగా తేలిన మాట. ఆమె పేరు బుగ్గమ్మ. తాండూరు గనుల వెనక ఉండేది. బిచ్చయ్య భార్య, రామమ్మ తల్లి. ఎనభై నాలుగు గొర్రెలు ఉండేవి. మమ్మల్ని కాకపోయినా, ఆమెను గుర్తుపెట్టుకోండి.