అంచున తెగిన పోగు

చంద్రభాగకు పెళ్లై రెండు నెలలు. గోడకు కొత్త మేకు కొట్టినా ఆమెకు సంబరమే. నీలం నగర్ ఓటరు జాబితాలో తన పేరు పక్కన భర్త శ్రీనివాస్ పేరు అచ్చై ఉండడం చూసి, బి.ఏ. పట్టా అందుకున్న రోజుకన్నా ఎక్కువ మురిసిపోయింది.

ఆ మురిపెం గోదావరి పేరు వినగానే విరిగిపోయేది.

వార్డు ఎన్నికల్లో నిలబడ్డది ఇద్దరే: పెంటప్ప, గోదావరి. పెంటప్ప మరమగ్గాల షెడ్ల యజమాని. కిందటేడు కూలి పెంచమని సమ్మె చేసినవాళ్ల మీదికి మనుషుల్ని పంపి కొట్టించాడు. గోదావరి తండ్రి ఐదేళ్లు నగరసేవకుడిగా, అంటే వార్డు కౌన్సిలర్‌గా ఉండి గల్లీకి ఒక్క నల్లా వేయించలేదు; ఇప్పుడు కూతురు అదే నల్లా వేయిస్తానంటోంది. పైగా మూడేళ్ల కింద ఆమెను శ్రీనివాస్‌కు అడిగారట. జాతకాలు కలవలేదట. అత్త అంజమ్మ బీడీలు చుడుతూ ఆ మాట అన్నప్పటినుంచీ చంద్రభాగ గుండెలో కుంపటే.

ఇప్పుడేమో శ్రీనివాస్ షెడ్డులో మగ్గం పని దిగి, గోదావరి కోసం గోడలకు రంగు రాసి వస్తున్నాడు.

"చొక్కాకు గా రంగేంది?"

"గోదావరి పేరు రాస్తుంటె పడ్డది."

"ఎంత పెద్దగ రాసినవో! పెండ్లి పత్రికల నా పేరు చీమంత ఉండె."

"అరె, పెంటప్ప గెలిస్తే మా బతుకేంది? ఆమె మంచిదని రాస్తున్ననా?"

"నవ్వుతది గద మంచిగ! నేను పెంటప్పకే గుద్దుత."

శ్రీనివాస్ సంచీలోంచి రెండు తువ్వాళ్లు తీశాడు. షెడ్డులో తప్పుపడ్డవి నేసినవాళ్లే ఇంటికి తెచ్చుకుంటారు.

"ఒక్కటే తీస్కో."

ఆమె ఎర్రది లాక్కుంది. వెలుగుకు పట్టి చూస్తే నట్టనడుమ నేత పోయి ఉంది. రెండోదానికి అంచున ఒక పోగు తెగింది.

"రెండూ చెడ్డయే."

"చెడ్డయే. అంచుదైతే మడిచి కుట్టుకోవచ్చు. నడుమదాన్ని ఏం జేస్తవ్?"

అతను అలా దగ్గర కూర్చుని నేర్పుతుంటే భలే ముచ్చటేసింది. ఆ పాఠం ఎవరి కోసమో గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఓటు రోజున బడి గేటు అవతల గోదావరి చేతులు జోడించింది. "శీనూ, వహినీ మస్తున్నది రా!"

శీను అట! తనేమో వహినీ, వదినట! చంద్రభాగ చెవులు వేడెక్కాయి. పెంటప్పకే, ఖాయం.

లోపల బల్ల దగ్గర ఆమె ముందు మగ్గం కూలీ ఎల్లయ్య ఉన్నాడు. సిరా చుక్కకు అతను కుడిచేతితో ఎడమచేతిని ఎత్తి బల్ల మీద పెట్టాడు. సమ్మెనాడు విరిగిన ఆ చేయి మళ్లీ దానంతటది లేవలేదు.

తెర వెనక ముద్ర పట్టుకుని చంద్రభాగ పెంటప్ప గుర్తు మీద ఒక్క క్షణం ఆగింది. తరవాత గోదావరి గుర్తు మీద బల్ల అదిరేలా గుద్దింది.

బయట శ్రీనివాస్ ఆత్రంగా చూశాడు. "ఎవలకు?"

"అంచుకే. కానీ ఇగో, ఆమె గెలిస్తే హారం నువ్వెయ్యద్దు."

"మరి ఎవలెయ్యాలె?"

"నేనేస్త. నల్లా ఎప్పుడేస్తవని ఆడనే అడుగుత."