కట్టని గోడ

మిల్లు మూతబడి ఎన్నేళ్లయిందో హుసేన్‌బీకి లెక్కే లేదు గానీ, మిల్లు క్వార్టర్లు మాత్రం నిజాం కాలం నుంచీ అట్లాగే నిలబడి ఉన్నాయి. గాలి రావడానికి ఎత్తున రోషన్‌దాన్లు, రెండేసి ఇళ్లకు కలిపి ఒకటే వాకిలి, ఒకటే నల్లా. నడుమ గోడ లేనిది ఇటుకలు చాలక కాదట. ఇద్దరు కూలీలు ఒక వాకిట్లో బతికితే ఒకరికొకరు అవుతారని ఆనాటి ఇంజనీరే పట్టుబట్టి వద్దన్నాడని ఆమె మామ చెప్పేవాడు. మహానుభావుడు! ఆయన అనుకున్నట్టే జరిగింది. తంటా అంతా అక్కడే వచ్చింది.

క్వార్టర్లు కూలగొట్టి మడికొండ అవతల ఫ్లాట్లు ఇస్తామంటూ సర్వేకు వచ్చిన పిల్ల, "ఇంట్ల ఎంతమంది?" అని అడిగింది. ఆ వాకిట్లో ఇల్లంటే రెండు ఇళ్లూ కలిపే. హుసేన్‌బీ తొమ్మిది మందినీ చెప్పింది, పక్కింటి నర్సయ్యను తమ్ముడని చెప్పింది. హుసేన్‌బీకి నర్సయ్య తమ్ముడెట్లా అవుతాడని రాసే మనిషికన్నా అనుమానం రావద్దూ! రాలేదు. తొమ్మిది మందికీ ఒకటే ఫ్లాటు రాసేశారు.

ఆ తప్పు దిద్దించడానికి హుసేన్‌బీ, నర్సయ్య కలిసి ఆఫీసుకు రావడం ఇది ఆరోసారి. దిద్దుబాట్లకు ఇవాళే ఆఖరు రోజు. మోకాళ్లు పట్టుకుని మూడో అంతస్తు ఎక్కేసరికి ఇద్దరికీ ప్రాణం తోకకొచ్చింది.

"నర్సయ్యకు వేరే ఫ్లాటు రావాల్నంటే నువ్వు రాసియ్యాలె," అన్నాడు గుమస్తా వీరభద్రం, కాగితం ముందుకు జరిపి. "ఆయన నాకేం గాడు, ఎన్నడు ఒక్కింట్ల ఉండలే అని."

"గట్లెట్ల రాస్త బిడ్డా? ఈయన ఇద్దరు పిల్లలకు పురుడు పోసింది నేనేనాయె."

"అయితే ఒక్క ఫ్లాట్లనే సర్దుకోండ్రి."

నర్సయ్య తల ఎత్తలేదు. "పెట్టక్కా సంతకం. కాయిదమే గదా, ఫికర్ చెయ్యకు."

పెట్టింది.

"ఇగ అక్కా తమ్మీ అనుకుంట తిరగకుండ్రి," అన్నాడు వీరభద్రం. "సార్ చెవిల పడితే మళ్ల మొదటికొస్తది."

"నడువుండ్రి," అన్నాడు నర్సయ్య. గుమస్తా వింటున్నాడని అట్లా అన్నాడనుకుంది హుసేన్‌బీ. మెట్ల మీదా అదే. రోడ్డు మీద ఆటో ఆపి కూడా, "ఎక్కుండ్రి" అన్నాడు. నలభై ఏళ్లలో అతను ఆమెను మీరు అన్నది లేదు.

అక్కా అని పిలువురా అని తిట్టబోయింది. ఏమీ కాని మనిషిని ఏ వరసన తిడుతుంది? ఆటోలో ఓ మూలకు జరిగి అతనికి చోటిచ్చింది.