టేపు రెండో కొస

"ఆ టేపు రెండో కొస ఎవడు పట్టుకుంటాడో కనుక్కో," అన్నాడు మా ఆయన రఘువీర్. నేను చపాతీలు కాలుస్తున్నాను. సాత్విక కాలేజీ నుంచి వచ్చిన కాగితం అతని చేతిలో ఉంది. జాగ్రఫీ ఫీల్డ్ ట్రిప్, స్వానేజ్ అనే ఊరి బీచిలో మూడు రోజులు. కాగితం మీది ఫొటోలో ఒకమ్మాయీ ఒకబ్బాయీ కొలత టేపుకి చెరో కొసా పట్టుకుని ఒడ్డు వాలు కొలుస్తున్నారు. పదిహేడేళ్ళ కూతురు అక్కడ ఏం నేర్చుకుంటుందని కాదు, ఇదీ ఆయనగారికొచ్చిన సందేహం.

సాత్విక మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్స్‌లో జాగ్రఫీ తీసుకున్నప్పటి నుంచీ అదొక పరాచికమైపోయింది. ఇంగ్లండులో మేముండే బేసింగ్‌స్టోక్‌లో ఏ తెలుగువాళ్ళింట్లో పుట్టినరోజు జరిగినా, "మా అమ్మాయి మ్యాపులకి రంగులేస్తోందండీ," అని రఘువీరే ముందు మొదలుపెట్టేవాడు. మ్యాథ్సూ ఫిజిక్సూ చదివే పిల్లల తండ్రులంతా పగలబడి నవ్వేవాళ్ళు. వంటింట్లో ఎంగిలి ప్లేట్లు ఎత్తుతూ నాకు ఒళ్ళు మండేది. అల ఏటవాలుగా వచ్చి గులకరాళ్ళని ఒడ్డు వెంట ఎలా ఈడ్చుకుపోతుందో, ఒకచోట ఇసుకని ఆపితే పక్క ఊరి ఒడ్డు ఎలా కోసుకుపోతుందో అన్నం తింటూ నాకు చెప్పేది సాత్విక. మాటల్లో సగం తెలుగు కూడా ఉండదు. అయినా దాని కళ్ళు చూస్తే నాకంతా అర్థమయ్యేది.

ఆ ట్రిప్పుకి వెళ్ళకపోతే కోర్సు పూర్తికాదు. రఘువీర్ సంతకం పెట్టాడు, షరతు మాత్రం నాకు పెట్టాడు. "నువ్వూ వెళ్ళు. దానికి చెప్పకు. పక్కనే గెస్ట్ హౌస్ బుక్ చేశా. దూరం నుంచి ఓ కన్నేసి ఉంచు, సాయంత్రం ఫొటో పెట్టు." నాకు షిఫ్టులున్నాయంటే, "కేర్ హోమ్‌లో ముసలాళ్ళకి స్నానాలు చేయించడమేగా, డ్యూటీ రోటా మార్పించుకో," అన్నాడు. కాకినాడ నుంచి అత్తగారు ఫోన్ చేసి, "వెళ్ళు బిందూ. రేపేదన్నా అయితే అందరూ తల్లినే అంటారు," అంది. అతనికి మూడు రోజులకి సరిపడా కూరలు వండి ఫ్రీజర్‌లో సర్దాను. గూఢచారిని కూడా వంట చేసి వెళ్ళమనే ఇల్లు మాది.

మొదటిరోజు బీచ్ హట్‌ల వెనక, జాకెట్ హుడ్ ముఖం మీదికి లాక్కుని నిలబడ్డాను. సాత్విక జీన్స్ మోకాళ్ళదాకా తడిసిపోయింది. టేపు రెండో కొస పట్టుకున్నది ఒక ఎర్రజుట్టు అబ్బాయి. వాడు వంకరగా పట్టుకుంటే, "స్ట్రెయిట్‌గా లాగు!" అని ఇంగ్లీషులో గట్టిగా అరిచింది. ఇంట్లో దానికి అంత గొంతుందని నాకే తెలియదు. ముచ్చటపడాల్సిన తల్లిని, ఏం చేశాను? ఫోన్ తీసి జూమ్ చేశాను. వాడి చేతికీ నా బిడ్డ చేతికీ మధ్య ఎంత దూరముందో చూశాను. పక్క మీదే విసర్జించిన ముసలివాళ్ళని కడిగేటప్పుడు కూడా రాని రోత ఆ నిమిషంలో వచ్చింది. రఘువీర్ మీద రోత, అతని కళ్ళు అరువు తెచ్చుకున్న నా మీద అంతకంటే రోత. అయినా ఫొటో పంపాను. "ఎవడా ఎర్రజుట్టు? రేపు దగ్గర్నుంచి తియ్యి," అని జవాబొచ్చింది.

మర్నాడు ఒడ్డు పక్కన బెంచీ మీద కూర్చుని ఆ ఫొటోనే చూస్తున్నాను. ఎదురుగా నీడ పడింది. క్లిప్‌బోర్డు పట్టుకుని సాత్విక, పక్కన దాని స్నేహితురాలు. పిల్లలు ఆ రోజు బీచికొచ్చిన జనంతో సర్వే చేస్తున్నారట. దాని ముఖం పాలిపోయింది. చూపు నా ముఖం మీంచి ఫోన్ మీదికి, జూమ్ చేసిన ఆ చేతుల మీదికి జారింది. అమ్మా అనలేదు.

"ఎక్స్‌క్యూజ్ మీ, కాలేజీ సర్వే," అంది ఇంగ్లీషులో, ముక్కూమొహం తెలియనిదానితో మాట్లాడినట్టు. "ఎక్కడి నుంచి వచ్చారు?"

"బేసింగ్‌స్టోక్."

రాసుకుంది. "ఇక్కడికి ఎందుకొచ్చారు?"

పక్కపిల్ల మర్యాదగా నవ్వుతూ నిలబడింది. సాత్విక కదల్లేదు. ఇప్పుడొక అబద్ధం చెబితే చాలు, ఇక ఈ పిల్ల జన్మలో నాకు ఏదీ చెప్పదని అర్థమైంది.

అంతలో ఫోన్ మోగింది. రఘువీర్. స్పీకర్ నొక్కాను.

"తీశావా? వాడి చెయ్యి ఎక్కడుందో కనపడాలి, సరిగ్గా తియ్యి."

పక్కపిల్లకి తెలుగు రాదు. సాత్వికకి వచ్చు. దాని పెన్ను ఆగిపోయింది.

"నేనిక తియ్యనండీ. ఇంటికొచ్చేస్తున్నా," అన్నాను, నా కూతురి ముఖంలోకే చూస్తూ. "అంతగా చూడాలనుంటే మీరే రండి. కాకపోతే ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళనీ ఎందుకొచ్చారని మీ అమ్మాయి అడుగుతోంది. దాని మొహం చూసి జవాబు చెప్పగలిగితేనే రండి."