ఐన్ సుమ్మాక్‌కి దారి

ద్రాక్షాకుల్లో బియ్యమూ కీమా పెట్టి చుట్టడం తొందరపడితే అయ్యే పని కాదు. ఆకుని గరుకు వైపు పైకి పరచాలి, చిటికెడంత పెట్టాలి, అంచులు మడిచి చుట్టాలి. వదులైతే విడిపోతుంది. బిగిస్తే ఉడికేటప్పుడు బియ్యం ఉబ్బి ఆకు చిట్లిపోతుంది. పొద్దున్నుంచీ అదే పని మీద ఉన్నాను. మా ఆయన మున్‌జిర్ సోఫాలోంచి కదలకుండానే, "ఇంతకీ నీకు జీతమిచ్చేది అరబిక్ చెప్పినందుకా, వంట చేసినందుకా?" అన్నాడు. వంటకి జీతమెక్కడిది? యూనివర్సిటీలోనూ లేదు, ఇంట్లోనూ లేదు. పక్కనే జపమాల తిప్పుకుంటున్న మా అత్తగారు, "కారం తగ్గించమ్మాయ్, తెల్లవాళ్ళు తినలేరు" అన్నారు. ఆకు చుట్టడానికి మాత్రం ఇద్దరిలో ఒక్కరి చెయ్యీ రాలేదు.

టొరంటో పక్కనున్న మా యూనివర్సిటీలో కాలేజీ తెరవగానే సంస్కృతుల పండగ అని ఒకటి చేస్తారు. ఏ భాష చెప్పే టీచరు ఆ దేశపు వంట తేవాలి. మగ టీచర్లు కొట్లో కొన్న బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంటారు. నా వంట మాత్రం ఏటా నా నెత్తినే. "ఇబ్బీ, నీ ఆకుచుట్టలు లేకపోతే అసలు పండగే కాదు" అంటుంది మా విభాగం పెద్ద లొరేన్. నా పేరు ఇబ్తిహాజ్. గ్రీకు పండితుల పేర్లన్నీ తిరిగే ఆవిడ నోరు ఇన్నేళ్ళకీ నా పేరు దగ్గర తిరగలేదు. ఈసారి పండగకి ముందు ఆవిడ నన్ను గదికి పిలిచింది. చాక్లెట్ల గిన్నె నా ముందుకి జరిపి, తలుపు దగ్గరగా వేసింది.

"ఏమీ అనుకోకు ఇబ్బీ. పోయినేడు మొదటి క్లాసులో మీది ఏ ఊరంటే పాలస్తీనా అన్నావట. పిల్లలందరి చేతా అనిపించావట. ఎవరికో ఇబ్బందిగా అనిపించిందట."

"ఎవరికి?"

"అది చెప్పకూడదు."

"నాది ఆ ఊరే కదా మరి!"

"కాదని నేనన్నానా? క్లాసులో వద్దంటున్నాను. పుట్టింది జోర్డాన్‌లోనేగా, జోర్డాన్ అనెయ్. నీ వంట పక్కన కూడా మధ్యధరా వంటకం అని పెడదాం. మొదటి రోజు నేనూ వచ్చి వెనక కూర్చుంటాను. వచ్చే ఏడాదికి నీ కాంట్రాక్టు పొడిగించమని పైవాళ్ళని అడగాల్సింది నేనేగా, నా ఇబ్బంది కూడా చూడు."

ఆవిడ చెడ్డది కాదు. అదే నా ప్రాణం తీసింది. మా పక్క గది ఉక్రెయిన్ టీచరు తన ఊరిని తలుచుకుని ఏడిస్తే అందరం వెళ్ళి కావిలించుకున్నాం. ఆ రోజు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆమె ఊరి పేరు చెబితే ఓదార్పు, నా ఊరి పేరు చెబితే ఫిర్యాదు. అడగాల్సిన మాట అడగకుండా చాక్లెట్ ఒకటి తీసుకుని థాంక్స్ చెప్పి వచ్చేశాను.

ఇంట్లో చెబితే మున్‌జిర్ నవ్వేశాడు. "జోర్డాన్ అంటే అబద్ధమా? నువ్వు పుట్టిన ఇర్బిద్ జోర్డాన్‌లో లేదా? నీకెందుకొచ్చిన గొడవ!" అన్నాడు. అత్తగారు తన పాత మాటే తీశారు. "గోడవార నడుస్తూ, దేవుడా నన్ను దాచు అనుకుంటూ పోవాలి. అయినా పెళ్ళయ్యాక ఆడదానికి వేరే ఊరేంటి? మావాడి ఊరే నీ ఊరు." ఆ మావాడు మసీదులో పాలస్తీనాలోని నాబ్లుస్ వాడు, ఆఫీసులో జోర్డాన్ వాడు, విమానాశ్రయంలో పుట్టుకతోనే కెనడా వాడు. వాటిలో నా ఊరేదో అడుగుదామనుకున్నాను. చేతిలో ఆకు చిట్లింది, ఇంకోటి తీసుకున్నాను.

ఈ ఆకులు చుట్టడం నేర్పింది మా నాయనమ్మ రస్మియ్యా. ఇర్బిద్‌లోని పాలస్తీనా శరణార్థుల శిబిరంలో మాది రెండు గదుల రేకుల ఇల్లు. తలుపు ఎవరు తట్టినా నాయనమ్మ లోపల్నుంచే, "ఎవరి బిడ్డవి? ఏ ఊరు?" అని కేకేసేది. అక్కడే పుట్టి అక్కడే పెరిగిన పిల్లలైనా ఇర్బిద్ అంటే తలుపు తీసేది కాదు. తాతల ఊరు చెప్పాలి. చెబితే సేజ్ ఆకు వేసిన టీ, లేదంటే బయటే. మాది ఐన్ సుమ్మాక్. నేను చూడలేదు, మా నాన్నా చూడలేదు. నాయనమ్మ కొత్త కోడలిగా నీళ్ళు మోసి, యుద్ధంలో వదిలొచ్చిన ఊరు. ఆకులు చుడుతూ నాకు దారి చెప్పేది. "ఊట దాటాక ఎడమకి తిరుగు తల్లీ. మెట్లెక్కితే రెండు అత్తిచెట్లు. వాటి మధ్య నీలం తలుపు మనదే. కుక్క మొరుగుతుంది, భయపడకు, కరవదు." ఎన్నిసార్లు విన్నానో! ఇప్పుడీ వంటింట్లో కళ్ళు మూసుకున్నా ఆ మెట్లు ఎక్కగలను.

రెండో తరగతిలో ఒకరోజు క్లాసులోనే నాకు గవదబిళ్ళలు బయటపడ్డాయి. నన్ను ఇంటికి పంపేస్తూ, పాఠాలు ఇంటికొచ్చి చెబుతానని మా టీచరమ్మ ఇన్‌సాఫ్, "మీ ఇల్లెక్కడే?" అని అడిగింది. నాకు తెలిసిన దారి ఒక్కటే. ఊట, మెట్లు, అత్తిచెట్లు అన్నీ చెప్పాను. "కుక్కుంది టీచర్, భయపడకండి, కరవదు" అని కూడా అన్నాను. ఆవిడ చాక్‌పీసు బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. "మాదీ పాలస్తీనాయే, యాఫా. అక్కణ్ణించి మీ ఇంటికి గాడిద మీద ఒక రోజు ప్రయాణం తల్లీ. వస్తున్నానని చెప్పు" అంది. ఆ సాయంత్రం మా రేకుల తలుపు తట్టింది. నాయనమ్మ మామూలుగానే ఏ ఊరని కేకేసింది. "యాఫా! కుక్కని కట్టేశారా?" అంది టీచరమ్మ. నాయనమ్మ తలుపు తీసి ఆ పరాయి మనిషిని గట్టిగా వాటేసుకుని ఏడ్చింది. ఆ పూట మా ఇంట్లో టీ గ్లాసులు ఖాళీ కాలేదు. అంత సంతోషంగా ఉన్న నాయనమ్మని మళ్ళీ చూడలేదు.

తెల్లారి వంటగిన్నెతోనే క్లాసుకి వెళ్ళాను. లొరేన్ అప్పటికే వెనక బల్లలో కూర్చుని ఉంది. మొదటి రోజు నా క్లాసులో ఒకటే పద్ధతి, నేను అరబిక్‌లో ఏదంటే అది అందరూ కలిసి తిరిగి అనాలి, అర్థం తర్వాత. శుభోదయం అన్నాను, అన్నారు. బాగున్నారా అన్నాను, అన్నారు. సరదా పుట్టి లొరేన్ కూడా గొంతు కలిపింది. ఆ తర్వాతి వాక్యం ఊరు. రాత్రంతా నాలుక మీద జోర్డాన్‌ని అరగదీసి తెచ్చుకున్నాను. కాంట్రాక్టు పోతే ఇంట్లో ఏమంటారో కూడా తెలుసు. సరే, అనేద్దామని గాలి పీల్చుకున్నాను.

ఎవరో తలుపు తట్టారు. ఆలస్యంగా వచ్చిన పిల్లెవరో. నా నోట్లోంచి నాకు తెలియకుండానే అరబిక్‌లో వచ్చేసింది. "ఎవరి బిడ్డవి? ఏ ఊరు?"

పిల్లలంతా గొంతెత్తి తలుపు వైపు అదే అన్నారు. ఎవరి బిడ్డవి, ఏ ఊరు! పాపం, ఆ అమ్మాయి గుమ్మంలోనే బిక్కచచ్చిపోయింది. గది నవ్వింది. ఆమె కూర్చున్నాక అందరూ నా వైపు చూశారు. ప్రశ్న నేర్పాను, జవాబు నేర్పాలి కదా. నాయనమ్మ తలుపు అవతల నిలబడినట్టే ఉంది. అక్కడ జోర్డాన్ అంటే ఎవరు తీస్తారు?

"నాది ఐన్ సుమ్మాక్. ఫలస్తీన్" అన్నాను.

"నాది ఐన్ సుమ్మాక్. ఫలస్తీన్" అంది గదంతా. కొరియా పిల్లాడు, పంజాబీ అమ్మాయి, పొలాల నుంచి వచ్చిన ఎర్రజుట్టు కుర్రాడు, అందరూ. లొరేన్ కూడా అనేసింది. అన్నాక అర్థమైనట్టుంది, పెన్ను పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది, మొహం ఎర్రబడింది. ఇప్పుడు నేను, కాదు, ఎవరి ఊరు వాళ్ళు చెప్పండి అని సరిదిద్దాలి. ఏళ్ళుగా నేను చేసేది అదే.

దిద్దలేదు. లొరేన్ కళ్ళల్లోకే చూస్తూ తర్వాతి వాక్యాలు అందుకున్నాను. ఊట దాటాక ఎడమకి. మెట్లెక్కితే రెండు అత్తిచెట్లు. నీలం తలుపు మాదే. ఒక్కొక్కటీ తిరిగి అంటూ నా వెనకే వచ్చారు. అలా గుమ్మం దాకా అందరినీ తీసుకెళ్ళాక, అంతమంది కలిసి గట్టిగా అన్నారు.

"కుక్క మొరుగుతుంది. భయపడకు, కరవదు."