నా అట్ట కప్పుకున్న నవల

నేను ఒక గైడును. మొహం తిప్పుకోకండి. మీలో సగం మంది నా పుణ్యమా అని ఇంటర్ గట్టెక్కినవాళ్ళే.

పుట్టింది విజయవాడలో, ఒక ఇరుకు ప్రెస్సులో. పాఠ్యపుస్తకం కంటే ముందే గైడు బజారుకి రావాలన్నది మా వ్యాపారంలో రూలు. అందుకని నన్ను రాసిన లెక్చరరు గారికి నాలుగు రోజులే గడువిచ్చారు. సెకండియర్ ఇంగ్లీషులో కొత్తగా ఒక గోథిక్ నవల పెట్టారు. పాడుబడ్డ కోట, తాళం వేసిన గది, ఆ గదిలో ఒకావిడ. ఆయన సగం చదివారు. మిగతా సగం నవల అట్ట మీద బొమ్మ చూసి పూర్తి చేశారు. బొమ్మలో ఒక బురుజు, దాని కింద చెరువు ఉన్నాయి. ఆవిడ బురుజు మీంచి చెరువులోకి దూకి చచ్చిపోయిందని రాసేశారు. అది నా అరవై మూడో పేజీ.

భీమవరంలో ఒక అమ్మాయి నన్ను కొని, సరస్వతీ పూజలో అమ్మవారి ముందు పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ నవలకి ఎవరైనా బొట్టు పెట్టారా? లేదు. అది గుర్తుపెట్టుకోండి. ఆ అమ్మాయి పాసయ్యాక నన్ను చెల్లెలు రత్నమాధురికి ఇచ్చింది.

మాధురి సంచిలో కూర్చుని కాలేజీకి వెళ్ళిన మొదటి రోజే నా కడుపు రగిలిపోయింది. ఇంగ్లీషు మేడం విజయభారతి గారు మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ మూయించి, కుట్లూడిన ఆ పాత నవల చేతిలో పట్టుకుని చదివేవారు. ఒక వాక్యం ఇంగ్లీషులో, దాని అర్థం తెలుగులో. కరెంటు లేదు, ఫ్యాను లేదు, ఆడపిల్లలంతా చెమటలో తడిసిపోతున్నారు. ఒక్కత్తీ కదలదు! నన్ను తెరిస్తే మాత్రం ఐదు నిమిషాల్లో ఆవలింతలు. అసూయే. దాచుకోవడం ఎందుకు?

“ఇది దెయ్యాల కథ కాదమ్మా,” అనేవారు మేడం. “ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ నోరెత్తని గది ఒకటి ఉంటుంది చూశారా, దాని కథ.”

“మా మేడ మీద ఉందండి అలాంటిది,” అంది మాధురి ఒకరోజు. “మా మేనత్త గదండి. ఆవిడ ఇల్లొదిలి వెళ్ళిపోయిందని అంటారు. ఏమైందో చెప్పరు. పేరెత్తితే మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోతారండి.”

మేడం ఆ పిల్లని కూర్చోమనలేదు. పుస్తకం మూసి, వేలు పేజీలో ఉంచుకుని, గంట కొట్టేదాకా విన్నారు. నా నూట పన్నెండు పేజీల్లో ఎక్కడా ఎవరూ ఎవరి మాటా వినరు. ఆ రోజు సంచిలో నేను పడ్డ బాధ పగవాళ్ళకి కూడా వద్దు.

నా అదృష్టం కొద్దీ ప్రిన్సిపాల్ సూర్యచంద్రరావు గారికి ఈ చదవడాలు నచ్చలేదు. ఆయన లెక్కల మాస్టారు. “ప్రీఫైనల్లో ఇంగ్లీషు ఒక్క పిల్ల తప్పినా ఈ నవల బందండి,” అన్నారు. “గైడు చదివించెయ్యండి.” మేడం సరేనన్నారు. ఆవిడకి ఆ క్లాసంటే ప్రాణం. ఒక్క పిల్లైనా తప్పాలని నేను మనసారా కోరుకున్నాను.

ప్రీఫైనల్ నాటికి నవల ఇంకా రెండు అధ్యాయాలు మిగిలే ఉంది. పేపర్లో పది మార్కుల ప్రశ్న: గదిలో ఆవిడ చివరికి ఏమైంది? నలభై ఒక్క మందికి నలభై ఒక్క మందీ నా అరవై మూడో పేజీ అక్షరం పొల్లుపోకుండా దించేశారు. మాధురితో సహా. నేను పొంగిపోయాను. మేడం అందరికీ సున్నా వేశారు. ఆ పదీ పోయి తొమ్మిది మంది తప్పారు.

ప్రిన్సిపాల్ తల పట్టుకున్నారు. “మార్కులు వేసేస్తే పోయేది కదండీ. బోర్డులో దిద్దేవాళ్ళూ గైడు చూసే దిద్దుతారు. మీ క్లాసు మీకుండేది.”

“ఆవిడ దూకలేదండి,” అన్నారు మేడం. “బతికే ఉంది. మార్కుల కోసం నేనెలా చంపనండి?”

నవల లైబ్రరీ బీరువాలోకి పోయింది. కిటికీలు తెరుచుకున్నాయి. మేడం నన్ను చదివించడం మొదలుపెట్టారు. గెలిచాను కదా, మరి సంతోషం ఏదీ? మేడం గొంతులో జీవం లేదు. మాధురి నా వంక కూడా చూడటం లేదు.

వారం తిరక్కుండా మాధురి లైబ్రరీ కార్డు మీద నవల తెచ్చుకుంది. క్లాసులో బల్ల కింద నా అట్ట పట్టుకుని ఒక్క లాగు లాగింది. కుంకుమ బొట్టున్న నా అట్ట! దాన్ని ఆ ముసలి నవలకి తొడిగి, నన్ను చెప్పుల దగ్గర పడేసింది. మేడం బల్లల మధ్య నడుస్తూ వచ్చి ఆగారు. కుట్లూడిన అంచులు అట్ట బయటికి కనిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ చూశారు. గుర్తుపట్టారు.

“మాధురీ, అరవై మూడో పేజీ. పైకి చదువమ్మా.”

మాధురి లేచి నవల చివరి అధ్యాయం చదివింది. ఒక వాక్యం ఇంగ్లీషులో, దాని అర్థం తెలుగులో. నలభై మంది తమ గైడులు మూసేశారు. వరండాలో వెళ్తున్న ప్రిన్సిపాల్ ఆగి, నా అట్ట చూసి, తృప్తిగా తల పంకించి వెళ్ళిపోయారు. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. అయినా ఒక్కత్తీ కదల్లేదు.

చెప్పుల మధ్య నుంచి నేనూ మొదటిసారి విన్నాను. తాళం ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయిందట. ఆవిడ తలుపు తోసుకుని, మెట్లు దిగి, పొద్దున్నే రోడ్డెక్కి నడిచి వెళ్ళిపోయిందట. ఆ వాక్యం మాధురి రెండుసార్లు చదివింది. మేనత్తే గుర్తొచ్చిందేమో.

ఇప్పుడు నేను పాతకాగితాల కొట్లో, అట్ట లేకుండా, కట్టలో అడుగున ఉన్నాను. నవల ఇంకా నా అట్టతోనే ఆ క్లాసులో చేతులు మారుతోందని నా పైన పడేసిన నోట్సు పుస్తకం చెప్పింది. అట్ట పోయిందని కాదు నా ఏడుపు. ఆ చెరువు, ఆ బురుజు, ఆవిడ, అందరూ నా పేజీల్లోనూ ఉన్నారు. తలుపు తోసి చూద్దామని నాకు తోచలేదు.