చైర్మను గారి మంచినీళ్ళ గ్లాసు

రండి, ఇలా దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా కాస్త ముందుకి రండి, నా గొంతు అంత దూరం నడవలేదు. ఇది ఓ చిన్న పట్టణం మున్సిపాలిటీ కథ. పన్నులూ పైపులూ తప్ప మున్సిపాలిటీకి కథేమిటి అనకండి. నలుగురు కుర్చీలేసుకుని కూర్చున్నచోటల్లా కథ పుడుతుంది. ఆ కుర్చీలు విరిగితే ఇంకా బాగా పుడుతుంది.

ఆ ఆఫీసులో అటెండరుగా పనిచేసే ఆవిడని అందరూ గ్లాసమ్మ అనేవారు. మీటింగు జరిగినప్పుడల్లా చైర్మను గారి ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టడం ఆవిడ పని. ఇదీ ఓ ఉద్యోగమేనా అనుకుంటారేమో, ఆ గ్లాసు కదలనిదే ఆ ఊళ్ళో చెత్తబండి కూడా కదిలేది కాదు.

ఎందుకంటే, వెనకటికి ఓ చైర్మను ఉండేవాడు. కౌన్సిలర్ల ఉపన్యాసాలు వినీ వినీ ఆయన చెవులు తూట్లు పడ్డాయి. ఓనాడు విసుగెత్తి, "ఇక మీదట గుమాస్తా అంశం చదువుతాడు, నేను గ్లాసుడు నీళ్ళు తాగుతాను. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఎవరైనా లేచి నిలబడి అభ్యంతరం చెబితే అది వీగిపోయినట్టు. ఎవరూ లేవకపోతే నెగ్గినట్టు" అన్నాడు. ఆయన పోయాడు గానీ ఆ పద్ధతి పోలేదు. ఆయన తరవాత కుర్చీ ఎక్కినవాళ్ళందరూ ముందు గుటకలు వేయడం నేర్చుకున్నారు. ఇప్పటి చైర్మను గారైతే మరీను, తల వెనక్కి వాల్చారంటే గ్లాసు బోర్లించినట్టే. కౌన్సిలర్లు కళ్ళజోడు తుడుచుకునేలోపు ఓ వీధికి దీపాలొచ్చేవి, ఇంకో వీధికి పోయేవి. అంశాలు ఎక్కువైన రోజున మాత్రం ఆయన మధ్యమధ్యలో లేచి వడివడిగా బయటికి వెళ్ళొచ్చేవారు. ఎక్కడికని ఎవరూ అడిగేవారు కాదు.

ఆ ఆఫీసు మెట్ల కింద, కిటికీ పక్కన, గ్లాసమ్మ ఆడపడుచు కుట్టుమిషను పెట్టుకుని కూర్చునేది. నోటికి పదునెక్కువ కాబట్టి ఆమెకి కత్తెర అని పేరు పడింది. వదినా ఆడపడుచులిద్దరిదీ ఒకే ఇల్లు, ఇల్లంతా ఒకే గది. మిషను పెడితే మనిషికి చోటుండదు, మనిషి పడుకుంటే మిషనుకి చోటుండదు. పట్టపగలు కూడా కుట్టు కంటికి ఆనాలంటే గుమ్మంలోకి రావాల్సిందే. కాబట్టి కత్తెరకి కూడు పెట్టేది మెట్ల కింది ఆ మూలే. ఇంట్లో శాంతి కాపాడేదీ అదే. ఒకరు మెట్ల పైనా ఒకరు మెట్ల కిందా ఉండబట్టి సరిపోయింది గానీ, పగలంతా ఇద్దరూ మొహామొహాలు చూసుకుంటే ఆ ఇంటి కప్పు నిలిచేది కాదు.

ఓ రోజు గుమాస్తా తెచ్చి నోటీసు బోర్డుకి రాబోయే మీటింగు అంశాలు అంటించాడు. విరిగిన కుర్చీలు పెట్టుకోవడానికి మెట్ల కింద చోటు ఖాళీ చేయించాలని అందులో ఒకటుంది. ఆ కుర్చీలు విరగ్గొట్టింది కౌన్సిలర్లే. వెనక్కి వాలి కునుకు తీస్తే కుర్చీ మాత్రం ఎన్నాళ్ళు మోస్తుంది? విరిగినవన్నీ వరండాలో గుట్టపడి దారికి అడ్డమయ్యాయి.

గ్లాసమ్మ అది చదివింది. పరుగున కిందికి వచ్చింది.

"ఏమే, బోర్డు చూశావా?"

"చూశాను వదినా. కుర్చీలకి కాళ్ళు విరిగాయట, పాపం ఎక్కడికీ పోలేవు. నాకు రెండు కాళ్ళూ ఉన్నాయిగా, అందుకని నన్ను పొమ్మంటున్నారు."

"నీ వేళాకోళం తగలెయ్య. వెళ్ళి చైర్మను గారిని బతిమాలుకోవే."

"ఆ ముచ్చటా అయింది. 'మీటింగులో తేలుతుందమ్మా' అన్నాడు. ఆ మీటింగులో తేలడానికి ఏముంది, నువ్వు పోసే నీళ్ళు తప్ప? మిషను ఇంటికి తెచ్చి నీ మంచం మీద పెట్టుకుంటాలే."

"పెట్టు. నేను నీ మిషను మీద పడుకుంటాను."

కత్తెర నవ్వింది. నవ్వుతూనే సూదిలో దారం ఎక్కించబోయింది. చూడకుండా ఎక్కించే మనిషికి ఆ పూట చూసినా బెజ్జం దొరకలేదు. గ్లాసమ్మ ఆ చేతుల వంక చూసి పైకి వెళ్ళిపోయింది.

మీటింగులో అటెండరు నోరు విప్పకూడదు. అందుకని ముందే వెళ్ళి కౌన్సిలర్లని పట్టుకుంది. బేకరీ ఆవిడ, "అయ్యో, ఎవరైనా లేస్తే నేనూ లేస్తాను" అంది. మందుల షాపాయన, "బేకరీ ఆవిడ లేస్తే చూద్దాం" అన్నాడు. అడిగిన ప్రతివాళ్ళూ పక్కవాళ్ళని చూపించారు. వాళ్ళ భయం వాళ్ళది, ఒక్కరు లేచారంటే అందరి భోజనాలూ ఆలస్యమవుతాయి. లేచినవాణ్ణి మిగతావాళ్ళు వారం రోజులు కొరకొరా చూస్తారు.

మీటింగు రోజు రానే వచ్చింది. మందుల షాపాయన మెట్లెక్కుతూ, జారిన కళ్ళజోడు కోసం వంగాడు. పర్రుమంది.

"బాబాయ్, కదలకండి," అంది కత్తెర మెట్ల కింద నుంచి. "వెనక తలుపు తెరుచుకుంది."

"ఇప్పుడెలాగమ్మా? పైన గంట కొట్టేస్తున్నారు."

"పిన్నులు పెడతాను. మీటింగవగానే ఇటు వచ్చేయండి, కుట్టిచ్చేస్తాను. అందాకా వంగకండి, తుమ్మకండి."

ఆయన ప్యాంటుని రెండు చేతులా వెనక పట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకున్న బడిపిల్లాడిలా మెట్లెక్కాడు.

పైన గ్లాసమ్మ మూల గదిలో నీళ్ళు కాస్తోంది. చైర్మను గారికి ఆ వారం గొంతు పట్టేసింది. వేడినీళ్ళైతే హాయిగా ఉండును అని ఆయన అంటూనే ఉన్నారు, ఆవిడ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తూనే ఉంది. ఆ పూట మాత్రం ఆ మాట గుర్తొచ్చింది. మొదటి అంశాలకి మామూలు నీళ్ళే పెట్టింది. గుమాస్తా మెట్ల కింద చోటు సంగతి అందుకున్నాడో లేదో, గుడ్డతో పట్టుకొచ్చి సలసల కాగిన నీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టింది.

చైర్మను గారు అలవాటుగా ఎత్తి పెదవికి ఆనించి, అంతే వేగంగా దించారు.

"ఏమిటమ్మా ఇది, నిప్పులా ఉంది?"

"గొంతుకి మంచిదని తమరే అన్నారు కదండీ. ఊదుకుని తాగండి."

"చల్లటిది తీసుకురా."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. పద్ధతి అంటే ఆయనకి ప్రాణం. "అంశం చదివేశాక గ్లాసు మార్చడం లేదండీ."

చైర్మను గారు ఊదడం మొదలుపెట్టారు. ఊదుతారు, చప్పరిస్తారు, మళ్ళీ ఊదుతారు. ఆ హాల్లో అంతసేపు నిశ్శబ్దం ఎవరూ ఎరగరు. ఫ్యాను కిర్రుమనడం వినిపించింది. ఎవరిదో కడుపు గుర్రుమనడం వినిపించింది. ఆ తరవాత కింద నుంచి టకటకమని చప్పుడొకటి పైకొచ్చింది.

"ఏమిటది?" అన్నాడు మందుల షాపాయన, కూర్చునే.

"కుట్టుమిషను," అంది బేకరీ ఆవిడ. "మెట్ల కింద అమ్మాయిది. ఇప్పుడు మనం పొమ్మంటున్నది ఆమెనేగా."

"ఎప్పుడు పోవాలి?"

"నెగ్గిన క్షణం నుంచీ అమలండీ," అన్నాడు గుమాస్తా.

మందుల షాపాయన చెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది. కత్తెర పోతే ఈ పిన్నులతో నడివీధిలో ఇంటికెలా పోవడం? లేచి నిలబడితేనే అభ్యంతరం కింద లెక్క. ఎంత కష్టమొచ్చింది మనిషికి. ఎండ్రకాయలా పక్కకి పక్కకి జరిగి, గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"అధ్యక్షా, నాకు అభ్యంతరం ఉంది."

"కారణం?"

"కారణం చూపించాలంటే అటు తిరగాలండీ. తిరగను."

ఒకళ్ళు లేచారుగా, మాట తప్పకుండా బేకరీ ఆవిడా లేచింది. ఇంకొకాయనకి కింద కుట్టుకిచ్చిన కోటు గుర్తొచ్చింది. మరొకాయనకి కూతురి గౌను గుర్తొచ్చింది. ఆఖరికి కూర్చున్నది చైర్మను గారొక్కరే. అంశం వీగిపోయింది.

ఆయనకి మండుకొచ్చింది. చేతిలో ఇంకా సగం గ్లాసు నీళ్ళున్నాయి. "మరి ఆ కుర్చీలు ఎక్కడ పెట్టమంటారు? నా నెత్తినా?"

"నెత్తినెందుకండీ?" అంది బేకరీ ఆవిడ. "మీ గది ఉందిగా. గుర్రాలు పరిగెత్తేంత గదిలో మీరొక్కరే కూర్చుంటారు."

నలుగురూ తలలూపారు. అది చాలు గుమాస్తాకి, లేచి చదివేశాడు. "తరవాతి అంశం. విరిగిన కుర్చీలు చైర్మను గారి గదిలో పెట్టడం."

ఏమిటీ అనబోయారు చైర్మను గారు. సగంలో పొలమారింది. దగ్గు, కళ్ళ వెంట నీళ్ళు, మాట పెగలదు.

"ఎవరో తలుచుకుంటున్నారండీ," అంది గ్లాసమ్మ, ఆయన నెత్తి మీద మెల్లగా తడుతూ. "తాగండి, సర్దుకుంటుంది."

ఈ గొడవలో నీళ్ళు చల్లారిపోయాయి. ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? తల వెనక్కి వాలింది, గ్లాసు ఖాళీ అయింది.

"నెగ్గింది," అన్నాడు గుమాస్తా.

"నాకు అభ్యంతరం ఉందయ్యా," అన్నారు చైర్మను గారు గొంతు రాగానే.

"అది గ్లాసు ఖాళీ కాకముందు చెప్పాలండీ."

సాయంత్రానికి విరిగిన కుర్చీలన్నీ ఆయన గదికి చేరాయి. కొత్తగా వచ్చినవాళ్ళకి వాటి మధ్య చైర్మను గారు ఎక్కడున్నారో వెతుక్కోవాల్సి వచ్చేది. మందుల షాపాయన కిటికీ పక్కన స్టూలు మీద దుప్పటి చుట్టుకుని కూర్చుని ప్యాంటు కుట్టించుకున్నాడు.

ఆయన వెళ్ళాక, కిందికి దిగొచ్చిన గ్లాసమ్మతో కత్తెర తలెత్తకుండా అంది, "నీకు నీళ్ళు కాయడం వచ్చని ఇన్నాళ్ళూ తెలీదు వదినా. ఇంట్లో ఎప్పుడూ చల్లారిన టీయేగా నా మొహాన పోస్తావు."

"నీ కోసం కాదులేవే. నా మంచం కోసం."

"అదేలే."

అంటూనే కత్తెర కిటికీ వైపు చూస్తూ సూదిలో దారం ఎక్కించింది. ఒక్కసారికే ఎక్కింది.

అదీ సంగతి. విని దులిపేసుకోకండి, మనసులో పెట్టుకోండి. రేపు నేను లేనప్పుడు మీ పిల్లల్ని ఇలాగే దగ్గరికి పిలిచి చెప్పండి. చెప్పేటప్పుడు పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టుకోండి గానీ, కథ అయ్యేదాకా మాత్రం ఖాళీ చేయకండి.