పొగదే తప్పట

సాజిదా గుంటూరులో పరిశోధనకు చేరినప్పుడు వాళ్లమ్మ గుల్జార్ బేగం ఒక్కటే కోరింది. "మా మిల్లు దుమ్ము సంగతేదో తేల్చవే. దగ్గి దగ్గి డొక్కలు ఎగిరిపోతున్నాయి."

ఆమె చిలకలూరిపేటలో దూదిని గింజల నుంచి వేరుచేసే ఓ జిన్నింగ్ మిల్లులో ఏళ్ల తరబడి యంత్రాలకు పత్తి అందిస్తోంది. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద కూడా తెల్లటి నూగు. దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించమని ఆడవాళ్లంతా అడుగుతుంటే, మేనేజరు కోటేష్ "చూద్దాం" అంటూ నెట్టుకొస్తున్నాడు.

2003 వేసవిలో సాజిదా గాలిలోని దుమ్మును కాగితం మీద పట్టే యంత్రాలు తెచ్చింది. ఒకటి మిల్లు ఆవరణలో, ఇంకోటి హైవే సెంటర్లో మందులషాపు డాబా మీద పెట్టింది. మిల్లు కాగితం కాస్త మాసింది. హైవే కాగితం కాటుక పూసినట్టయింది. జన్యువు మారితే తప్ప పెరగలేని సూక్ష్మజీవుల మీద ఆ రెండు దుమ్ములనూ పరీక్షించింది. జన్యువు మారిన జీవి పెరిగినచోటల్లా పళ్లెంలో ఓ చుక్క తేలుతుంది. మిల్లు దుమ్ము వేసిన పళ్లెంలో ఎప్పుడూ వచ్చే ఒకటీ అరా చుక్కలే. హైవే దుమ్ముకు మాత్రం పళ్లెమంతా చుక్కలతో పొక్కిపోయింది. లారీల డీజిలు పొగ, కిరసనాయిలు కలిపి నడిపే ఆటోల పొగ కలిసి జన్యువులనే చెడగొడుతున్నాయి.

జన్యువులను చెడగొట్టే తప్పు పొగదే, మిల్లు దుమ్ముది కాదని ఊళ్లో జరిగిన సభలో చెప్పింది. మర్నాడు పేపర్లో పడింది: "పత్తి దుమ్ముతో ముప్పు లేదు."

సాజిదా పరుగున మిల్లుకెళ్లింది. కోటేష్ కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

"నేను చూసింది జన్యువుల సంగతే సార్. ఊపిరితిత్తుల సంగతి కాదు. ఈ దుమ్ముకు ఆయాసం వస్తుందని ఎప్పుడో తేలింది."

"నువ్వు సభలో అనలేదుగా అమ్మా. పొగదే తప్పన్నావు. ఆ పొగ మాది కాదు. ఇక ఫ్యాన్లెందుకు?"

పేపరు వాళ్లకు సవరణ రాసి పంపింది. వేయలేదు.

మిల్లులో తోటి కూలి వెంకటరావమ్మ అందరి ముందే అడిగేసింది. "ఏం గుల్జారూ, నీ కూతురు మా నోట్లోనే మట్టి కొట్టాలా?" ఆ రోజు నుంచి అన్నాల వేళ గుల్జార్ బేగం పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఓ పొద్దున అన్నం డబ్బా సర్దుకుంటూ కూతురి వైపు చూడకుండానే అడిగింది.

"అబద్ధమేమన్నా చెప్పావా?"

"లేదమ్మా. చెప్పిందంతా నిజమే. చెప్పాల్సింది కొంత చెప్పలేదు."

"పోన్లే. ఆ పొగ సంగతన్నా చూస్తారా మరి?"

అప్పటికే కలెక్టరాఫీసు చుట్టూ, రవాణా ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి సాజిదా చెప్పులరిగిపోయాయి. అన్నిచోట్లా శ్రద్ధగా విన్నారు, మెచ్చుకున్నారు.

"ఎవరూ చూడరమ్మా" అంది.

గుల్జార్ బేగం డబ్బా అందుకుంది. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, లారీల పక్కనుంచే మిల్లుకు నడిచింది.